మూడో ట్యాంకు: మోటర్‌హోమ్‌లో తాగునీటి ట్యాంకు మెటీరియల్‌పై ఒక కేస్ స్టడీ

ఈ బండి నా దగ్గరికి ఫిల్టర్ ఫిర్యాదుతో వచ్చింది. నెలల తరబడి రావాల్సిన ఫిల్టర్ మూడు వారాలకే పూడుకుపోతోంది, కుళాయిలో నీళ్లు సన్నగా వస్తున్నాయి అన్నారు. భార్యాభర్తలు, వాళ్లకో నాలుగేళ్ల పాప. ఏడాదిలో ఎక్కువ రోజులు మోటర్‌హోమ్‌లోనే ఉంటారు. తాగడానికి, వంటకి, పాపకి పాలు కలపడానికి, అన్నిటికీ మంచం కింద ఉన్న ఆ ఒక్క ట్యాంకు నీళ్లే. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ట్యాంకు పాత ఓనర్ చేయించుకున్నది.

మోటర్‌హోమ్‌లకి నీళ్ల లైన్లు వేయడం నా పని. ఇందులో నేనే ఒక పొరపాటు చేశాను కాబట్టి ఈ కేసు రాస్తున్నాను. మెటీరియల్ సరైనదే ఎంచుకున్నాను, కాగితాలన్నీ చూశాను, అయినా ఆరు వారాల తర్వాత ఆ ట్యాంకు పీకేయాల్సి వచ్చింది.

మొదటి ట్యాంకు

ఫిల్టర్ గిన్నె విప్పితే లోపల బూడిద తెలుపు రంగులో జిగురులాంటి మడ్డి ఉంది. వేళ్ల మధ్య రుద్దితే జారుతోంది. "సున్నం అనుకున్నామండీ, ఊరూరి నీళ్లు కదా" అన్నారాయన. సున్నమైతే చేతికి గరగరలాడుతుంది, వెనిగర్ చుక్క పడితే నురగ వస్తుంది. దీనికి నురగ రాలేదు.

మంచం పలకలు తీసి, ట్యాంకు మూత విప్పి టార్చి వేశాను. అల్యూమినియం రేకుని చక్రం గూడు ఆకారానికి వంచి వెల్డింగ్ చేసిన 110 లీటర్ల ట్యాంకు. అడుగంతా తెల్లటి బుడిపెలు. ఒక దాన్ని వేలితో తుడిస్తే కింద ఆవగింజంత గుంట కనిపించింది. ఇత్తడి ఫిట్టింగ్ బిగించిన చోట ఆ గుంటలు ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉన్నాయి. సూదిమొన పెట్టి చూస్తే ఒక గుంటలో రేకు మందంలో సగానికి పైగా దిగింది. ఇంకొన్నాళ్లు వదిలేస్తే మంచం కింద నీళ్లు కారేవి.

గాలి తగిలితే చాలు, అల్యూమినియం తన మీద పల్చటి ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. దానికి రక్ష ఆ పొరే. నీటి పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 మధ్య ఉన్నంతవరకు పొర నిలబడుతుంది. బ్లీచ్‌కి క్షారగుణం ఎక్కువ. పైగా అందులోని క్లోరైడ్ ఆ పొరని అక్కడక్కడ గుచ్చి గుంటలు పెడుతుంది. వీళ్లు నెలనెలా శుభ్రత కోసం బ్లీచ్ వాడేవాళ్లు. ముందు ఖాళీ ట్యాంకులో బ్లీచ్ పోసి, తర్వాత నీళ్లు నింపేవాళ్లు. అంటే చిక్కటి బ్లీచ్ నేరుగా రేకు మీదే నిలబడేది. ఇక ఇత్తడి సంగతి. రెండు వేర్వేరు లోహాలు నీళ్లలో ఆనుకుని ఉంటే వాటిలో బలహీనమైనది కరుగుతుంది. ఇక్కడ బలహీనమైనది అల్యూమినియమే. ఇత్తడి నుంచి కొద్దికొద్దిగా కరిగే రాగి కూడా అల్యూమినియం మీద చేరి కొత్త గుంటలకి చోటిస్తుంది. పాపం వాళ్లు నీళ్లు శుభ్రంగా ఉండాలని చేసిన పనే ట్యాంకుని తినేసింది.

రాత్రంతా నిలవ ఉన్న నీటిని ల్యాబ్‌కి పంపాం. శుద్ధి కేంద్రాలు అందుకోగలిగిన స్థాయిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది లీటరుకు 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాముల అల్యూమినియం. ఆరోగ్యపరంగా లెక్కగట్టిన విలువ 0.9. రిపోర్టులో వచ్చింది ఈ రెండిటికీ పైనే. సీసం మాత్రం 0.01 హద్దు లోపలే ఉంది. అయినా ఆ ఇత్తడి ఫిట్టింగులని ఉంచలేదు. పాతకాలపు ఇత్తడిలో, లేత్ మీద కోయడం సులువుగా ఉండాలని 3 శాతం దాకా సీసం కలిపేవాళ్లు. ఇప్పుడు 'లెడ్ ఫ్రీ' అని అమ్మేవాటిలో కూడా నీళ్లు తగిలే భాగంలో సగటున 0.25 శాతం వరకు ఉండొచ్చు. పాప ఉన్న ఇంట్లో పాత ఇత్తడి ఎందుకు?

"ప్లాస్టిక్ మాత్రం వద్దండీ"

ట్యాంకు మార్చాలి అనగానే ఆవిడ అన్న మొదటి మాట ఇది. "పాప తాగే నీళ్లండీ. స్టీలే వేయండి." ఆ భయాన్ని నేను తీసిపారేయను. తాగునీటికి పనికిరాని ప్లాస్టిక్‌లు చాలానే ఉన్నాయి. అందుకే ఒక్కో మెటీరియల్ గురించి కూర్చుని మాట్లాడుకున్నాం.

స్టెయిన్‌లెస్ స్టీల్ నిజంగా మంచి మెటీరియల్. కానీ స్టీల్ అన్న మాటతో సరిపోదు, గ్రేడ్ చూడాలి. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటితోపాటు 2, 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పు నీళ్లకి తట్టుకునేది దానివల్లే. మామూలు వేడిలో 304కి లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరైడ్ వరకు, 316కి 1000 వరకు ఫర్వాలేదన్నది ఈ పనిలో వాడుకలో ఉన్న లెక్క. నీళ్లలో క్లోరైడ్ 250 దాటితే నాలుకకే తేడా తెలుస్తుంది. వీళ్లు సముద్రతీరాల్లో బోరు నీళ్లు కూడా నింపుకుంటారు. కాబట్టి స్టీలే వేయాలంటే 316ఎల్ వేయాలి. ఎల్ అంటే కార్బన్ 0.03 శాతం లోపు ఉన్నది. వెల్డింగ్ చేసిన చోట తుప్పు మొదలవకుండా ఉండాలంటే అది ముఖ్యం.

అసలు చిక్కు వెల్డింగ్‌లోనే. స్టీల్ ట్యాంకు లోపల అతుకుల పక్కన నీలం, గోధుమ రంగు చారలు కనిపిస్తే, వేడికి అక్కడి రక్షణ పొర పోయిందని అర్థం. యాసిడ్ పేస్టుతో ఆ చారలు తీసి, పొర మళ్లీ ఏర్పడేలా ట్రీట్‌మెంట్ ఇవ్వాలి. మా ఎదుట ఉన్న కొటేషన్లలో ఆ ట్రీట్‌మెంట్ మాట ఎక్కడా లేదు. అడిగితే "బయట పాలిష్ చేసి ఇస్తాం" అన్నారు. నీళ్లుండేది లోపల కదా.

బరువు సంగతీ ఉంది. మీటరు పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల ఎత్తున్న 100 లీటర్ల పెట్టె తీసుకోండి. ఒకటిన్నర మిల్లీమీటర్ల స్టీల్‌తో చేస్తే దాదాపు 18 కిలోలు. 6 మిల్లీమీటర్ల పాలిథిలిన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తే ఎనిమిదిన్నర. నీళ్ల బరువు 100 కిలోలు ఎలాగూ ఉంటుంది. ఈ బండి అప్పటికే బరువు పరిమితికి దగ్గర్లో ఉంది.

ఫైబర్‌గ్లాస్ వద్దన్నాను. పాలియెస్టర్ రెజిన్ పూర్తిగా గట్టిపడకపోతే స్టైరీన్ అనే రసాయనం నీళ్లలోకి దిగుతుంది, చేతిపనిగా చేసిన ట్యాంకులో అది ఎంతవరకు గట్టిపడిందో చూసి చెప్పలేం. మడతపెట్టే మెత్తటి పీవీసీ సంచులూ వద్దన్నాను. పీవీసీ మెత్తబడాలంటే ప్లాస్టిసైజర్లు కలపాలి, వాటిలో థాలేట్లు అనే రసాయనాలు ఉండొచ్చు.

పాలిథిలిన్‌కి ఆ అవసరం లేదు. అది సహజంగానే వంగుతుంది, మెత్తబరిచే రసాయనం కలపక్కర్లేదు. ఆవిడకి ఇది చెప్పినప్పుడు ముఖంలో కొంచెం ధైర్యం కనిపించింది. అలాగని పాలిథిలిన్‌లో ఇంకేమీ ఉండదని కాదు. వేడికి పాడవకుండా యాంటీఆక్సిడెంట్లు కలుపుతారు. అవి విరిగినప్పుడు వచ్చే ఫినాల్ జాతి పదార్థాల వల్లే కొత్త ట్యాంకు నీళ్లలో ఆ 'ప్లాస్టిక్ వాసన'. మంచి ట్యాంకులో అది నాలుగైదు సార్లు నింపి వదిలేస్తే తగ్గిపోతుంది.

'ఫుడ్ గ్రేడ్' అనే మాట దగ్గర అందరూ ఆగిపోతారు. అమ్మేవాళ్లూ అక్కడే ఆపేస్తారు. నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. రెజిన్, అంటే ట్యాంకు పోసే ప్లాస్టిక్ ముడిసరుకు, కొత్తదేనా, తుక్కు కలిపారా? సర్టిఫికెట్ రెజిన్ గింజలదా, తయారైన ట్యాంకుదా? అది ఆహారం తగిలే వస్తువులకిచ్చే సర్టిఫికెట్టా, తాగునీటి పరీక్షా? గింజలకి ఆమోదం ఉన్నా, అచ్చులో ఎక్కువసేపు కాలిస్తే ట్యాంకు లోపలి గోడ పాడవుతుంది. తాగునీటికి అమెరికాలో ఎన్‌ఎస్‌ఎఫ్/ఏఎన్‌ఎస్ఐ 61, బ్రిటన్‌లో బీఎస్ 6920, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఏఎస్/ఎన్‌జడ్‌ఎస్ 4020 ప్రమాణాలు ఉన్నాయి. వీటిలో బీఎస్ 6920 వాసన, రుచి, నీటి రంగు, సూక్ష్మజీవుల పెరుగుదల, కణాలకి హాని, లోహాలు దిగడం, ఇవన్నీ చూస్తుంది.

కాగితంతో పాటు నాకు ఇంకో అలవాటుంది. మూత కోసం రంధ్రం కోసినప్పుడు మిగిలే గుండ్రటి ముక్కని పంపమని తయారీదారుని అడుగుతాను. రెండు శుభ్రమైన గాజు సీసాలు తీసుకుని, రెండిట్లో ఒకే నీళ్లు పోసి, ఒక దాంట్లో ముక్క వేసి, గాజు మూతతో 24 గంటలు ఉంచుతాను. తర్వాత ఏ సీసా ఏదో తెలియని మనిషి చేత వాసన చూపిస్తాను. తాగించను. ఇది ల్యాబ్ పరీక్షకి సాటి కాదు, కానీ చెడ్డ ట్యాంకుని పట్టేస్తుంది. ఈ కేసులో రెండు చోట్ల నుంచి ముక్కలు తెప్పించాం. ఒక సీసా మూత తీయగానే ఆవిడే అన్నారు, "ఆర్పేసిన కొవ్వొత్తి వాసనండీ." ఆ ముక్క లోపలి వైపు లేత పసుపుగా తిరిగి ఉంది, అచ్చులో మాడింది. రెండో సీసాకీ వట్టి నీళ్ల సీసాకీ తేడా దొరకలేదు. రెండోదే ఆర్డర్ చేశాం.

ట్యాంకుతో పాటు మిగతావీ మార్చాను. పారదర్శకంగా ఉండే పీవీసీ గొట్టం తీసి చూస్తే లోపల పచ్చటి జారుడు పొర. వెలుతురు పడితే నాచు పడుతుంది, ప్లాస్టిసైజర్లు సూక్ష్మజీవులకి మేత అవుతాయి. దాని బదులు తాగునీటి ఆమోదం ఉన్న పాలిథిలిన్ పైపు వేశాను. గాస్కెట్లు తాగునీటికి ఆమోదించిన ఈపీడీఎం రబ్బరువి. మరలకి పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) టేపు. బాత్‌రూమ్ సిలికాన్ ఎక్కడా వాడలేదు. అందులో బూజు పట్టకుండా ఫంగస్ మందు కలుపుతారు, అది తాగునీళ్లకి తగలకూడదు.

ఆరు వారాల తర్వాత

వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "నీళ్లలో పెట్రోల్ వాసన వస్తోందండీ. మొదట నా భ్రమ అనుకున్నా. నిన్న పాప కూడా తాగనంది."

అదే రోజు రమ్మన్నాను. నీళ్లు తాగొద్దని, వాసన లేకపోయినా తాగొద్దని చెప్పాను. పెట్రోల్‌లో ఉండే బెంజీన్‌కి తాగునీటిలో హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. ముక్కుకి తెలిసే స్థాయి దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. వాసన రావడం లేదు కదా అని ధీమాగా ఉండటానికి లేదు.

మూడు గాజు సీసాలు నింపాం. ఒకటి వాళ్లు నీళ్లు పట్టుకున్న చోటిది, ఒకటి నేరుగా ట్యాంకులోంచి, ఒకటి కుళాయి నుంచి. మొదటిది శుభ్రం. రెండోది, మూడోది వాసన. అంటే ట్యాంకులోనే. లీకు లేదు, మూత బిగువుగానే ఉంది. ట్యాంకు వెనక ప్లైవుడ్ పలక, దానికి వైర్లు పోయే రెండు రంధ్రాలు. పలక అవతల ఏముందని అడిగాను. జనరేటర్ కోసం పెట్రోల్ డబ్బా. ట్యాంకు గాలిగొట్టం చివర కూడా ఆ అరలోకే తెరుచుకుని ఉంది, పాత ట్యాంకు గొట్టం దారినే నేను వాడుకున్నాను.

నాకు అప్పుడు గుర్తుకొచ్చిన విషయం నేను ముందే తెలుసుకుని ఉండాల్సింది కాదు, తెలిసి కూడా ఇక్కడ అన్వయించనిది. పాలిథిలిన్ నీళ్లని ఆపుతుంది, కానీ పెట్రోల్ ఆవిరిని పూర్తిగా ఆపలేదు. బెంజీన్, టోలుయీన్, జైలీన్ లాంటివి పాలిథిలిన్‌కి చుట్టాలు. అన్నీ నూనె జాతివే. అవి గోడలో కరిగి, మెల్లగా అవతలి వైపుకి చేరతాయి. ఇంధనం ఇంకిన నేలలో తాగునీటి పైపు వేయాల్సి వస్తే మామూలు పాలిథిలిన్ బదులు మధ్యలో అల్యూమినియం పొర ఉన్న పైపు వాడేది ఇందుకే. ఆ పెట్రోల్ డబ్బా ఏళ్ల తరబడి అక్కడే ఉంది. పాత అల్యూమినియం ట్యాంకు తనని తాను తినేసుకుంటూనే పెట్రోల్ ఆవిరిని మాత్రం అడ్డుకుంది. దాని స్థానంలో నేను ఆవిరి దూరే గోడ పెట్టాను.

గాలిగొట్టం నుంచి వచ్చిందా, గోడలోంచి వచ్చిందా తేల్చుకోవాలి. డబ్బా తీసేసి, ట్యాంకు ఖాళీ చేసి, మూతలన్నీ తెరిచి మూడు రోజులు గాలికి ఆరబెట్టాం. మళ్లీ మంచి నీళ్లు నింపాం. 24 గంటలకి వాసన తక్కువగానే అయినా మళ్లీ వచ్చింది. డబ్బా లేదు, లోపల పాత గాలీ లేదు. అంటే గోడే పీల్చుకుని పెట్టుకుంది. దాచి ఉంచిన గుండ్రటి ముక్కని రెండుగా కోసి కూడా చూశాను. ఒక సగాన్ని పెట్రోల్ తడిపిన గుడ్డతో పాటు, దానికి తగలకుండా, మూసిన డబ్బాలో ఆరుబయట వారం ఉంచాను. రెండో సగం విడిగా. తర్వాత రెండిటినీ తుడిచి చెరో సీసాలో వేస్తే, మొదటి దాని నీళ్లు మూత తీయకముందే తెలిసిపోయాయి.

ఆయన అడిగారు, "స్టీలే వేసుంటే ఈ తిప్పలు ఉండేవి కాదు కదండీ?"

నిజమే అన్నాను. ట్యాంకు గోడ వరకు నిజం. కానీ పైపులు పాలిథిలిన్‌వే, గాలిగొట్టం ఆ అరలోనే ఉంది, అన్నిటికీ మించి ఆ రెండు రంధ్రాల నుంచి పెట్రోల్ ఆవిరి పాప పడుకునే మంచం కిందికి వస్తోంది. అది పీల్చడమూ ప్రమాదమే, అంటుకుంటే ఇంకా ప్రమాదం. స్టీల్ వేసి ఉంటే నీళ్లలో వాసన రాకపోయేదేమో, ఆ డబ్బా మాత్రం అక్కడే ఉండిపోయేది. ట్యాంకు పెట్టేముందు పలక అవతల ఏముందని అడగకపోవడం నా తప్పని ఒప్పుకున్నాను, కొత్త ట్యాంకు నా ఖర్చుతోనే వేశాను.

మూడో ట్యాంకు

అదే తయారీదారు, అదే పాలిథిలిన్. మెటీరియల్ తప్పు కానప్పుడు దాన్ని మార్చాల్సిన పని లేదు. పెట్రోల్ డబ్బాని బండి అవతలి వైపున, బయటికి మాత్రమే తెరుచుకునే అరలోకి మార్చాం. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, కిందికి దిగుతుంది. అందుకని ఆ అర అడుగున బయటికి గాలి పోయే రంధ్రం పెట్టాం, లోపలి వైపు పూర్తిగా సీల్ చేశాం. ట్యాంకు గాలిగొట్టాన్ని నేరుగా బండి బయటికి తీసి, చివర సన్నటి జాలీ బిగించాం. పాలిథిలిన్ పైపులు, గాస్కెట్లు కూడా ఆ ఆరు వారాలు అక్కడే ఉన్నాయి కాబట్టి అన్నీ కొత్తవి వేశాం. పాత ట్యాంకుని ఎవరూ తాగునీళ్లకి వాడకుండా రంధ్రాలు చేసి పారేశాను.

శుభ్రం చేసే పద్ధతి కాగితం మీద రాసిచ్చాను. సెంటు కలపని 5 శాతం బ్లీచ్, 100 లీటర్లకి 100 మిల్లీలీటర్లు. అది లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అవుతుంది. ముందు బకెట్ నీళ్లలో కలిపి ఆ తర్వాతే పోయాలి. ప్రతి కుళాయిలోనూ ఆ వాసన వచ్చేదాకా వదిలి, 4 గంటలు ఉంచి, వాసన పోయేదాకా కడగాలి. రాత్రంతా వదిలేయకూడదు, ఎక్కువ క్లోరిన్ మళ్లీ మళ్లీ తగిలితే పాలిథిలిన్, రబ్బరు కూడా పెళుసెక్కుతాయి. సున్నం తీయడానికి సిట్రిక్ యాసిడ్ వాడితే మధ్యలో బాగా కడగాలి, బ్లీచ్‌తో ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది.

వారం నిలవ ఉంచిన నీటిని ల్యాబ్‌కి పంపితే బెంజీన్‌తో సహా పెట్రోల్ జాతి పదార్థాలేవీ దొరకలేదు. మూడు నెలలకి మళ్లీ పంపాం, అదే ఫలితం. అప్పటినుంచి నేను పని ఒప్పుకునే ఫారంలో ఒక బొమ్మ గీస్తున్నాను. మధ్యలో ట్యాంకు, చుట్టూ మీటరు దూరంలో ఒక గీత. ఆ గీత లోపల ఉన్న ప్రతి వస్తువు పేరూ కస్టమర్ చేతే రాయిస్తాను. పెట్రోల్, డీజిల్, పెయింటు, థిన్నర్, హీటర్ గొట్టం, ఏదైనా సరే.

ఆరో నెలలో సర్వీసుకి వచ్చినప్పుడు ఫిల్టర్ గిన్నె విప్పాను. పాప పక్కనే నిలబడి చూసింది. అడుగున చిటికెడు ఇసుక ఉంది. దాన్ని కడిగేసి, కొత్త ఫిల్టర్ బిగించి, తేదీ రాసి పెట్టాను.